మద్యం, డ్రగ్స్ చికిత్స కేంద్రాలు: డబ్బు, మనుషులు, నాయకత్వం – తరచుగా అడిగే ప్రశ్నలు

చికిత్స కేంద్రం పెట్టాలనుకునేవాళ్లు, ఇప్పటికే నడుపుతున్నవాళ్లు, అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఏళ్లుగా నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకరికి ఫోన్లో గంటసేపు చెప్పిందే మర్నాడు ఇంకొకరికి మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు ఏ దశలో ఉన్నారో అక్కడికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెబుతాను. ఈ పనికి మందులు, మంచాలు, భవనం అన్నీ కావాలి. కానీ మనిషి తాగుడు మానడం మొదలయ్యేది ఎదురుగా కూర్చున్న ఇంకో మనిషి మీద నమ్మకం కుదిరాకే. అందుకే ఎవరు ఏది అడిగినా, దానివల్ల ఆ నమ్మకం నిలుస్తుందా తెగుతుందా అని చూసి జవాబు చెబుతాను.

## మొదలుపెట్టే ముందు

ఇంతమందికి అవసరం ఉంది కదా, చికిత్స ఎందుకు అందడం లేదు? డబ్బు లేకనా, మనుషులు లేకనా?

రెండూ లేకనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం మద్యం వల్ల జబ్బు స్థాయి సమస్యల్లో ఉన్నవాళ్లు ప్రపంచంలో సుమారు 40 కోట్ల మంది. 2019 ఒక్క ఏడాదిలో మద్యం వల్ల పోయిన ప్రాణాలు సుమారు 26 లక్షలు. డ్రగ్స్ సమస్య ఉన్నవాళ్లలో 2022లో 11 మందికి ఒకరికే చికిత్స అందిందని ఐక్యరాజ్యసమితి లెక్క. ఆడవాళ్లలో అది 18 మందికి ఒకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక కోసం వివరాలు పంపిన దేశాల్లో చాలావాటికి బడ్జెట్లో ఈ చికిత్సకంటూ విడిగా ఒక పద్దే లేదు. పద్దు లేకపోతే పోస్టులు ఉండవు. పోస్టులు లేకపోతే ఆ పని నేర్చుకునేవాళ్లూ ఉండరు. దీనికి తోడు సిగ్గు, పోలీసుల భయం, ఉద్యోగం పోతుందన్న టెన్షన్ మనిషిని గుమ్మం దాకా రానివ్వవు. గుమ్మం దాకా వచ్చినవాళ్లకైనా లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా!

డిటాక్స్ వార్డు ఒకటి పెడితే సరిపోదా? పది రోజుల్లో ఒంట్లోంచి మత్తు పోతుంది కదా?

ఒంట్లోంచి పోతుంది, జీవితంలోంచి పోదు. డిటాక్స్ చికిత్సకు తలుపు లాంటిది. చాలామంది దాతలకు నచ్చేది కూడా ఇదే. వార్డు కంటికి కనిపిస్తుంది, రిబ్బన్ కత్తిరించవచ్చు, ఎంతమంది చేరారో లెక్క చెప్పవచ్చు. ఆ తర్వాత నెలల తరబడి నడవాల్సిన కౌన్సెలింగ్, మందులు, ఫోన్ చేసి పలకరించడం కంటికి కనబడవు కాబట్టి వాటికి డబ్బు రాదు. హెరాయిన్ లాంటి మత్తుల విషయంలో డిటాక్స్ మాత్రమే చేసి పంపడం ప్రమాదం కూడా. పది రోజులు ఆపితే ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికెళ్లి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. తర్వాతి ఆరు నెలలకు ఏర్పాటు లేకుండా డిటాక్స్ వార్డు తెరవకండి.

పడకలున్న సెంటరా, ఓపీ సెంటరా? దేనితో మొదలుపెట్టాలి?

డబ్బు కొంచెమే ఉంటే ఓపీతో. పడకలు పెడితే రాత్రి డ్యూటీలు, వంట, కాపలా, కరెంటు అన్నీ మొదటి రోజు నుంచే నెత్తిన పడతాయి. అంతే ఖర్చుతో ఓపీలో చాలా ఎక్కువ మందిని చూడవచ్చు. తీవ్రమైన విత్‌డ్రాయల్ (మత్తు ఆపినప్పుడు ఒంట్లో వచ్చే బాధలు) ఉన్నవాళ్లకు, ఇంట్లో ఆసరా లేనివాళ్లకు పడకలు కావాల్సిందే. వాళ్ల కోసం దగ్గర్లోని ఆసుపత్రితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

తాళం వేసి ఆరు నెలలు లోపల ఉంచితే మారతారు కదా? ఇళ్లవాళ్లు కూడా అదే కోరుతున్నారు.

ఇంట్లోవాళ్ల బాధ నాకు తెలుసు. వాళ్లు అలసిపోయి ఉంటారు. అయినా దీనికి ఒప్పుకోకండి. 2012 మార్చిలో ఐక్యరాజ్యసమితికి చెందిన 12 సంస్థలు కలిసి బలవంతపు డ్రగ్ నిర్బంధ కేంద్రాలను మూసేయాలని ప్రభుత్వాలను కోరాయి. అలాంటి చోట్ల మనుషుల హక్కులు పోతాయి, ఆరోగ్యమూ పోతుంది. సిబ్బంది పరంగా చూసినా నష్టమే. తాళం చెవి చేతిలో ఉన్నవాడు కౌన్సెలర్‌గా మిగలడు, కాపలాదారు అవుతాడు. కాపలాదారుకు ఎవరూ మనసు విప్పి చెప్పుకోరు.

## డబ్బు వెతికేటప్పుడు

అసలు ఈ చికిత్సకు డబ్బు ఎవరు పెడతారు?

పన్నుల డబ్బుతో ప్రభుత్వం, ఆరోగ్య బీమా, విదేశీ లేదా స్వచ్ఛంద దాతలు, చివరగా రోగి కుటుంబం. ఏ దేశంలోనైనా ఈ నాలుగింటి మిశ్రమమే. దీన్ని జబ్బుగా చట్టం ఒప్పుకుందా లేదా అన్నదాన్ని బట్టి ఆ మిశ్రమం మారుతుంది. జర్మనీలో 1968లో సమాఖ్య సామాజిక న్యాయస్థానం మద్యపాన వ్యసనం జబ్బేనని తీర్పు ఇచ్చింది. అక్కడ డిటాక్స్ ఖర్చు ఆరోగ్య బీమా భరిస్తుంది. తర్వాత నడిచే దీర్ఘకాల పునరావాసం ఖర్చు ఎక్కువగా పెన్షన్ బీమా భరిస్తుంది. కారణం సూటిగానే ఉంది: మనిషి పనికి తిరిగి వెళ్తే చందా కడతాడు, వెళ్లలేకపోతే ముందే పెన్షన్ ఇవ్వాలి. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది. మనిషి కోలుకుంటే ఎవరికి లాభమో వాళ్లే ఖర్చు పెడుతున్నారు. అమెరికాలో 2008 చట్టం, మానసిక ఆరోగ్యానికీ వ్యసన చికిత్సకూ కవరేజీ ఇచ్చే బీమా పథకాలు మిగతా జబ్బులకంటే కఠినమైన పరిమితులు పెట్టకూడదని చెప్పింది. కాగితం మీద ఉన్న హక్కు కౌంటర్ దగ్గర దక్కాలంటే మాత్రం బిల్లులు, కోడ్లు తెలిసిన ఒక మనిషి మీ ఆఫీసులో ఉండాలి. ఆ పోస్టును చిన్నచూపు చూడకండి.

బడ్జెట్ రాయమన్నారు. ముందు ఏం రాయాలి?

జీతాలు. ఈ సేవల్లో ఖర్చులో పెద్ద వాటా మనుషులదే. ముందు భవనం అద్దె, ఫర్నిచర్ రాసి, మిగిలిన దాంట్లో జీతాలు సర్దే బడ్జెట్లు చాలా చూశాను. ఏడాది తిరిగేసరికి అక్కడ కుర్చీలు మిగిలాయి కానీ కూర్చునేవాళ్లు మిగల్లేదు. జీతాల తర్వాత శిక్షణ, సూపర్‌విజన్, సెలవులో ఉన్నవాళ్ల బదులు పనిచేసేవాళ్ల ఖర్చు రాయండి. ఈ మూడూ దాదాపు ప్రతి బడ్జెట్లోనూ మర్చిపోతారు.

"తాగుబోతుల మీద పెట్టే ఖర్చు దండగ" అనే అధికారికి ఏం చెప్పాలి?

ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పండి. ఇంగ్లండ్‌లో డ్రగ్స్ సమస్య మీద ప్రభుత్వం కోసం డేమ్ కరోల్ బ్లాక్ అనే డాక్టర్ చేసిన సమీక్షలో, చికిత్సకూ హాని తగ్గించే సేవలకూ పెట్టే ప్రతి పౌండుకు ఆరోగ్యం, న్యాయ వ్యవస్థల ఖర్చుల్లో 4 పౌండ్లు తిరిగి వస్తాయని లెక్క వేశారు. కాకపోతే ఖర్చు ఆరోగ్య శాఖది, మిగిలేది పోలీసు, జైళ్ల శాఖలది. అందుకే ఆరోగ్య శాఖ ఒక్కదాన్నే ఒప్పించడం కష్టం. వీలైతే రెండు మూడు శాఖల వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టండి. అంకెల తర్వాత కోలుకున్న ఒక మనిషి, తన ఇష్టంతోనే, ఐదు నిమిషాలు మాట్లాడితే అంకెలకు ప్రాణం వస్తుంది.

ఏడాది గ్రాంటు వచ్చింది. తీసుకుని మొదలుపెట్టేయమంటారా?

తీసుకోండి కానీ దానితో ఏం మొదలుపెడతారో ఆలోచించుకోండి. శిక్షణకు, కంప్యూటర్లకు, సర్వేకు ఏడాది డబ్బు చాలు. కొత్త రోగుల్ని చేర్చుకునే సేవకు చాలదు. మనుషుల్ని వెతికి ఉద్యోగంలోకి తీసుకోవడానికే మూడు నాలుగు నెలలు పడుతుంది. చివరి మూడు నెలలు అందరూ వేరే ఉద్యోగాలు వెతుక్కుంటారు. మధ్యలో మిగిలేది ఐదారు నెలలు.

ఇంగ్లండ్ అనుభవం దీనికి మంచి పాఠం. 2013లో అక్కడ డ్రగ్, ఆల్కహాల్ చికిత్స బాధ్యత స్థానిక సంస్థల చేతికి వెళ్లింది. ఆ తర్వాత బడ్జెట్లు తగ్గాయి. కొన్నేళ్లకోసారి టెండరు పిలవడం, గెలిచిన కొత్త సంస్థకు సిబ్బందినీ రోగుల్నీ అప్పజెప్పడం మామూలైపోయింది. ప్రభుత్వానికి సలహా ఇచ్చే డ్రగ్స్ మండలి 2017లో ఈ మాటిమాటికీ మార్చే పద్ధతి డబ్బునూ చికిత్సనూ రెండింటినీ దెబ్బతీస్తోందని చెప్పి, ఐదు నుంచి పదేళ్ల కాంట్రాక్టులు ఇవ్వాలని సూచించింది.

నేను పనిచేసిన ఒక చోట కాంట్రాక్టు మారినప్పుడు పద్నాలుగు నెలల్లో నాలుగో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిన పెద్దాయన ఒకరు, "నా కథ మళ్లీ మొదటి నుంచి చెప్పలేనండీ" అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ నెల మా రిపోర్టులో ఆయన "చికిత్స మధ్యలో మానేసినవారు" అన్న గడిలో ఒక అంకె. మానేసింది ఆయన కాదు, మేము. డబ్బు ఇచ్చేవాళ్లతో మాట్లాడేటప్పుడు కనీసం మూడేళ్లు అడగండి. పొడిగింపు ఉంటుందో లేదో గడువుకు ఆరు నెలల ముందే చెప్పాలన్న షరతు రాయించుకోండి.

ఫలితం చూపిస్తేనే డబ్బు ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఏది ఫలితం అంటున్నారో చూసి ఒప్పుకోండి. అమెరికాలోని డెలవేర్ రాష్ట్రం 2002లో ఓపీ కేంద్రాలకు ఇలాంటి కాంట్రాక్టులు ఇచ్చింది. అక్కడ కొలిచింది సీట్లు నిండుతున్నాయా, వచ్చినవాళ్లు సెషన్లకు హాజరవుతున్నారా అన్నది. రెండూ మెరుగుపడ్డాయి, ఎందుకంటే అవి కేంద్రం చేతిలో ఉన్న పనులు. ఇంగ్లండ్‌లో 2012లో ఎనిమిది ప్రాంతాల్లో పెట్టిన ప్రయోగంలో మాత్రం చికిత్స పూర్తిచేసేవాళ్ల సంఖ్య మిగతా ప్రాంతాలతో పోలిస్తే మెరుగుపడలేదు. "పూర్తిగా మానేస్తేనే డబ్బు" అంటే సెంటర్లు తేలిగ్గా మానేసేవాళ్లనే వెతుక్కుంటాయి. ఇల్లు లేనివాళ్లు, జైలు నుంచి వచ్చినవాళ్లు, మానసిక జబ్బు కూడా ఉన్నవాళ్లు బయటే మిగిలిపోతారు.

కుటుంబాల దగ్గర ఫీజు తీసుకోవడం తప్పా?

తప్పు కాదు, స్తోమతను బట్టి తీసుకోండి. ఫీజు కట్టలేదని మధ్యలో మందు ఆపడం మాత్రం తప్పు.

మద్యం కంపెనీ విరాళం ఇస్తానంటోంది. వద్దంటే జీతాలు ఆగిపోతాయి.

వద్దనండి. వాళ్ల బోర్డు మీ గోడ మీద పడిన రోజు నుంచి మీరు పన్నుల గురించి, అమ్మకాల వేళల గురించి, ప్రకటనల గురించి నోరు విప్పలేరు. చికిత్స కోసం వచ్చినవాళ్లు కూడా ఆ పేరు రోజూ చూడాలి.

విదేశీ నిధితోనో, కోర్టు పరిహారం సొమ్ముతోనో నడపవచ్చా?

నడపవచ్చు, కానీ అది ఎప్పుడు ఆగుతుందో మొదటి రోజే క్యాలెండర్ మీద రాసుకోండి. వియత్నాంలో 2008లో మెథడోన్ (హెరాయిన్ వ్యసనానికి ఇచ్చే మందు) చికిత్స మొదలైంది విదేశీ సాయంతోనే. అలాంటి సేవను ప్రభుత్వ బడ్జెట్లోకి, బీమాలోకి మళ్లించడానికి ఏళ్లు పడుతుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఉన్నట్టుండి ఆగినప్పుడు హెచ్ఐవీ నిధుల మీద ఆధారపడిన సేవలు చాలా దేశాల్లో దెబ్బతిన్నాయి. ఇక పరిహారం సొమ్ము సంగతి. 1998లో అమెరికాలో పొగాకు కంపెనీలతో కుదిరిన ఒప్పందం కింద రాష్ట్రాలకు వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పొగాకు మాన్పించే పనులకు కాకుండా వేరే ఖర్చులకు పోయింది. ఓపియాయిడ్ (హెరాయిన్ జాతికి చెందిన నొప్పి మందులు) కేసుల్లో ఇప్పుడు వస్తున్న 50 బిలియన్ డాలర్లకు పైగా సొమ్ముకు అదే గతి పట్టకూడదని అక్కడి కుటుంబాలు ప్రతి ఖర్చునూ కాపు కాస్తున్నాయి. మీకు అలాంటి డబ్బు వస్తే దేనికి వాడాలో లిఖితంగా, అందరికీ కనిపించేలా పెట్టండి.

## మనుషుల్ని తీసుకునేటప్పుడు, నిలుపుకునేటప్పుడు

సైకియాట్రిస్ట్ దొరకడం లేదు. సెంటర్ మూసేయాల్సిందేనా?

మూసేయకండి. ప్రతి కేసుకూ స్పెషలిస్టే కావాలంటే ప్రపంచంలో చాలా చోట్ల చికిత్సే ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొదలుపెట్టిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమం ఉద్దేశమే సాధారణ డాక్టర్లు, నర్సులు మద్యం, డ్రగ్స్ సమస్యలను గుర్తించి చికిత్స మొదలుపెట్టడం. న్యూ మెక్సికో యూనివర్సిటీలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సి కోసం ప్రారంభించిన ప్రాజెక్ట్ ఎకో పద్ధతిని ఇప్పుడు వ్యసన చికిత్సకూ వాడుతున్నారు. దూరంగా ఉన్న డాక్టర్లు వీడియోలో కలిసి తమ కేసులు చెప్పుకుంటారు, స్పెషలిస్టు సలహా ఇస్తారు. రోగి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. కొన్నిసార్లు అడ్డంకి డాక్టర్లు లేకపోవడం కాదు, రూల్. అమెరికాలో 2000 నాటి చట్టం ప్రకారం హెరాయిన్ లాంటి మత్తుల వ్యసనానికి బుప్రెనార్ఫిన్ అనే మందు రాయాలంటే డాక్టరుకు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. మొదట్లో ఒక్కో డాక్టరుకు 30 మంది రోగులే పరిమితి. 2022 డిసెంబరులో ఆ అనుమతి నిబంధనను తీసేశారు. మీ దగ్గర ఏ మందు ఎవరు రాయవచ్చో చట్టం చదివి తెలుసుకోండి. వినికిడి మాటలు నమ్మకండి.

ఒక కౌన్సెలర్‌కి ఎంతమందిని ఇవ్వవచ్చు?

అన్ని చోట్లకూ ఒకే అంకె చెప్పలేం కానీ ఒక కొలత ఉంది. 2021లో వచ్చిన కరోల్ బ్లాక్ సమీక్ష రెండో భాగం ప్రకారం ఇంగ్లండ్‌లో డ్రగ్ వర్కర్ల కింద సాధారణంగా 50 నుంచి 80 మంది, కొన్నిచోట్ల 100 మంది దాకా ఉన్నారు. మంచి పద్ధతి అనుకుంటే 40 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఈ తేడా ఏంటో వారం లెక్క వేసుకుని చూడండి. కౌన్సెలర్ వారానికి 40 గంటలు పనిచేస్తే అందులో రికార్డులు, మీటింగులు, ఫోన్లు, ఉత్తరాలు పోను మనుషులతో కూర్చునేది 20 గంటలు అనుకుందాం. 40 మంది ఉంటే ఒక్కొక్కరికి వారానికి అరగంట. 80 మంది ఉంటే పావుగంట. పావుగంటలో "ఎలా ఉన్నారు, మందు వేసుకుంటున్నారా, సంతకం పెట్టండి" తప్ప ఏమీ కుదరదు. కాగితం మీద ఇద్దరికీ చికిత్స అందినట్టే ఉంటుంది!

పంచేటప్పుడు తలలు మాత్రమే లెక్కపెట్టకండి. గర్భిణి, ఇల్లు లేని మనిషి, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురితో సమానం. కొత్తగా చేరిన కౌన్సెలర్‌కి మొదటి మూడు నెలలు సగమే ఇవ్వండి. వెళ్లిపోయినవాళ్ల కేసులన్నీ ఎత్తి కొత్త అమ్మాయి చేతిలో పెట్టడం దాదాపు ప్రతి చోటా జరుగుతోంది. ఆ అమ్మాయీ ఏడాది తిరక్కముందే వెళ్లిపోతుంది.

తాగుడు మానేసిన వాళ్లనే ఉద్యోగంలో పెట్టుకోవచ్చా?

తప్పకుండా. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం నిలబడిందే ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుతో మాట్లాడటం మీద. జీతం తీసుకుని చేసే పీర్ వర్కర్ (తాను కోలుకుని ఇంకొకరికి తోడుండే ఉద్యోగి) పని దానికి భిన్నం, కానీ ఆ నమ్మకం అదే. అమెరికాలో పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ 2007లో పీర్ సపోర్ట్‌కు డబ్బు ఇచ్చే మార్గం చూపించింది. దాంతో శిక్షణ, సర్టిఫికెట్, పైనుంచి సూపర్‌విజన్ తప్పనిసరి అయ్యాయి.

కొన్ని జాగ్రత్తలు. పీర్ వర్కర్ అంటే తక్కువ జీతానికి దొరికే కౌన్సెలర్ కాదు. ఆయన పని ఏంటో రాసి ఇవ్వండి: మొదటిసారి వచ్చినవాళ్లకు తోడుగా కూర్చోవడం, అపాయింట్‌మెంట్‌కు వెంట వెళ్లడం, రానివాళ్లకు ఫోన్ చేయడం. తాను చికిత్స తీసుకున్న చోటే వెంటనే ఉద్యోగం ఇవ్వకండి. నిన్నటి దాకా తన కౌన్సెలర్‌గా ఉన్న మనిషి ఇవాళ పై అధికారి అయితే ఇద్దరికీ కష్టమే. ఎన్నేళ్లు మానేసి ఉండాలన్న నియమం పెట్టుకుంటే అందరికీ ఒకేలా వర్తింపజేయండి. అన్నిటికంటే ముఖ్యం, పైకి ఎదిగే దారి ఉంచాలి. పదేళ్ల తర్వాత కూడా ఆయన పీర్ వర్కర్‌గానే మిగిలిపోతే అది మీరు చేసిన అన్యాయం.

మా కౌన్సెలర్లు ఏడాదికే వెళ్లిపోతున్నారు. జీతం పెంచితే ఆగుతారా?

కొంతమంది ఆగుతారు. అదే చదువుకు పక్క ఆసుపత్రి ఎక్కువ ఇస్తుంటే ఎంత ప్రేమ ఉన్నా ఇల్లు గడవాలి కదా! కానీ వెళ్లిపోయేవాళ్లతో నిదానంగా మాట్లాడితే జీతంతో పాటు ఇంకో మూడు మాటలు వినిపిస్తాయి: ఒకే వివరం నాలుగు చోట్ల రాయాల్సిన ఫారాలు, కష్టమైన కేసు వచ్చినప్పుడు అడగడానికి ఎవరూ లేకపోవడం, వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకపోవడం. మొదటి రెండూ మీ చేతిలో ఉన్నాయి, పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఫారాలన్నీ ఒక టేబుల్ మీద పరిచి ఏది ఎవరు చదువుతున్నారో అడగండి. ఎవరూ చదవని ఫారం ఆ రోజే ఆపేయండి.

సూపర్‌విజన్ అంటే టైముకి వస్తున్నారో లేదో చూడటమేగా?

కాదు. అది హాజరు పట్టీ పని. క్లినికల్ సూపర్‌విజన్ అంటే అనుభవం ఉన్న ఒకరు కౌన్సెలర్‌తో క్రమం తప్పకుండా, కనీసం రెండు వారాలకోసారి గంటసేపు కూర్చుని, ఆయన చూస్తున్న మనుషుల గురించి, వాళ్ల వల్ల ఆయన మనసులో ఏం జరుగుతోందో మాట్లాడటం. రోజంతా హింస, అప్పులు, చావుల కథలు విన్న మనిషికి ఆ బరువు దించుకునే చోటు అది. వీలైతే జీతం పెంచే అధికారం ఉన్న వ్యక్తి, సూపర్‌విజన్ ఇచ్చే వ్యక్తి వేరువేరుగా ఉండాలి. పై అధికారి ముందు ఎవరూ "నాకు ఆ కేసు అర్థం కాలేదు" అనరు.

రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టించాం. ఏమీ మారలేదు, ఎందుకని?

వర్క్‌షాప్‌లో విన్నది కొన్నాళ్లకే జారిపోతుంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న మాట రోగి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి) శిక్షణ మీద ఆ పద్ధతి రూపొందించిన విలియం మిల్లరే చేసిన పరిశోధనలో ఇదే తేలింది. తర్వాత సెషన్ల రికార్డింగు విని సలహాలు ఇస్తూ ఉంటేనే నైపుణ్యం నిలిచింది. మీ శిక్షణ డబ్బులో సగం ఆ తర్వాతి ఆరు నెలలకు దాచండి.

రాత్రి డ్యూటీలో ఒక వార్డుబాయ్ ఉంటే చాలదా?

మద్యం విత్‌డ్రాయల్ చూసే చోట చాలదు. మూర్ఛలు సాధారణంగా చివరిసారి తాగిన 48 గంటల లోపు వస్తాయి. మతి తప్పి వణికిపోయే డెలీరియం ట్రెమెన్స్ రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మొదలవుతుంది, ప్రాణం తీయగలదు. శిక్షణ ఉన్న నర్సు, ఫోన్ ఎత్తే డాక్టరు, బండి సిద్ధంగా ఉండటం – ఈ మూడూ లేకపోతే అలాంటి కేసులు చేర్చుకోకండి.

మా స్టాఫ్‌లో ఒకరు మళ్లీ తాగడం మొదలుపెట్టారు. తీసేయాలా?

ముందు రోగుల దగ్గర నుంచి పక్కకు తప్పించండి, తర్వాత మనిషిని చూడండి. వేరే సెంటర్లో చికిత్స, జీతంతో సెలవు, తిరిగి వచ్చే షరతులు రాతపూర్వకంగా ఇవ్వండి. రోగులకు "మళ్లీ మొదలైతే సిగ్గుపడకండి, రండి" అని చెప్పే చోట సొంత మనిషిని రాత్రికి రాత్రి బయటికి పంపితే మిగతావాళ్లంతా తమ ఇబ్బందులు దాచుకోవడం నేర్చుకుంటారు.

## నడిపించేటప్పుడు

మంచి డాక్టర్ గారు ఉన్నారు, ఆయన్నే డైరెక్టర్ చేస్తే సరిపోతుంది కదా?

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. డైరెక్టర్ పనిలో చాలా భాగం డబ్బు ఇచ్చేవాళ్లతో, పోలీసులతో, ఆసుపత్రులతో, అద్దె ఇంటి యజమానులతో మాట్లాడటం. ఆ పని ఇష్టం లేని డాక్టరును కుర్చీలో కూర్చోబెడితే మంచి డాక్టరును పోగొట్టుకుంటారు, డైరెక్టర్ దొరకడు. క్లినికల్ నిర్ణయాలు ఒకరికి, ఆఫీసు నిర్ణయాలు ఇంకొకరికి అప్పజెప్పి ఇద్దరూ వారం వారం కలిసి కూర్చునే ఏర్పాటు చేయండి. బోర్డులో కోలుకున్నవాళ్లకు కనీసం రెండు చోట్లు ఇవ్వండి. ఒక్కరే ఉంటే మాట్లాడటానికి జంకుతారు.

వెయిటింగ్ లిస్టు తగ్గడం లేదు. ఇంకా స్టాఫ్ కావాలా?

కావచ్చు. కానీ అడిగే ముందు మీరే ఒక రోగిలా మీ సెంటర్‌కి ఫోన్ చేసి చూడండి. విస్కాన్సిన్ యూనివర్సిటీలో డేవిడ్ గుస్టాఫ్‌సన్ నాయకత్వంలో 2003లో మొదలైన నయాటెక్స్ కార్యక్రమం మొదటి అడుగే ఇది, దాన్ని వాక్-త్రూ అంటారు. వాళ్లు పెట్టుకున్న లక్ష్యాలు నాలుగే: ఎదురుచూపు తగ్గించడం, రాకుండా పోయేవాళ్లను తగ్గించడం, ఎక్కువమందిని చేర్చుకోవడం, చేరినవాళ్లు కొనసాగేలా చూడటం. ఒక్కసారి ఒక్క మార్పు చేసి, కొద్ది వారాలు కొలిచి, పనిచేస్తే ఉంచుకోవడమే పద్ధతి.

నేను మా సెంటర్‌కి అలా ఫోన్ చేసినప్పుడు మూడుసార్లు ఎవరూ ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తినవాళ్లు "గురువారం పది గంటలకు ఫోన్ చేయండి" అన్నారు. తాగుడు మానాలన్న నిర్ణయం గురువారం దాకా ఆగదు. రోజూ ఉదయం రెండు గంటలు అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్లకు కేటాయించాం. కొత్త ఉద్యోగి ఒక్కరు లేకుండానే ఎదురుచూపు వారాల నుంచి రోజులకు దిగింది.

మా సీనియర్ స్టాఫ్ మందులకు ఒప్పుకోవడం లేదు. "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అంటారు. ఏం చేయాలి?

వాళ్లను తిట్టకండి, కానీ వాళ్ల అభిప్రాయం రోగికి దక్కాల్సిన చికిత్సను ఆపకూడదు. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ మెథడోన్ చికిత్స ఫలితాలను 1965లోనే ప్రచురించారు. మెథడోన్, బుప్రెనార్ఫిన్ 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. మద్యానికి వాడే అకాంప్రోసేట్, నాల్ట్రెక్సోన్ 2023లో చేరాయి. ఓపియాయిడ్ వ్యసనంలో ఈ మందులు ఉన్నంతకాలం చావులు బాగా తగ్గుతాయి. దీని మీద సాక్ష్యం చాలా గట్టిది. మందుల మీద నిలబడి పనికి వెళ్తున్న ఇద్దరు ముగ్గుర్ని పిలిచి సిబ్బందితో మాట్లాడించండి. మందులు లేకుండా మానేసిన సీనియర్లకు ఆ మాటలు వినడం కష్టంగా ఉంటుంది, వాళ్ల ప్రయాణానికీ గౌరవం ఇవ్వండి. ఆ తర్వాత కూడా ఎవరైనా రోగితో "ఆ మాత్ర ఆపితేనే నువ్వు నిజంగా మానినట్టు" అంటే ఆ రోజే కూర్చోబెట్టి మాట్లాడాల్సిన బాధ్యత నడిపించేవాళ్లదే.

చికిత్సలో ఉన్న మనిషి చనిపోతే సిబ్బందికి ఏం చెప్పాలి?

ముందు అందరికీ మీ నోటితోనే చెప్పండి, మెసేజ్ పెట్టకండి. ఆ కౌన్సెలర్‌ను ఆ రోజు మిగతా కేసులు చూడమనకండి. కుటుంబం దగ్గరికి మీరు స్వయంగా వెళ్లండి. ఏం జరిగిందో తర్వాత తప్పకుండా సమీక్షించాలి, కానీ అది తప్పు ఎవరిదో తేల్చే విచారణలా మొదలైతే నిజం బయటికి రాదు. హెరాయిన్ లాంటి మత్తులు చూసే సెంటర్ అయితే నాలోక్సోన్ (ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) మీ దగ్గర ఉందా, ఇళ్లకు ఇచ్చి పంపుతున్నారా అని ఆ వారమే చూసుకోండి. ఓవర్‌డోస్ చూసే అవకాశం ఉన్న ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ అది అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

## డబ్బు తగ్గినప్పుడు, చేతులు మారినప్పుడు

మమ్మల్ని వేరే శాఖలో కలిపేస్తామంటున్నారు. మంచిదేనా?

కలపడం వల్ల ఈ పని తెలిసినవాళ్లు ఒకచోట ఉంటారా, చెల్లాచెదురవుతారా అని అడగండి. పోర్చుగల్‌లో డ్రగ్స్ వాడకాన్ని నేరం కాకుండా చేసిన చట్టం 2001లో అమల్లోకి వచ్చింది. చాలామంది ఆ చట్టాన్నే గుర్తుపెట్టుకుంటారు కానీ దాని వెనక చికిత్స అంతా చూసుకునే ఒక జాతీయ సంస్థ ఉండేది. 2012లో పొదుపు రోజుల్లో దాన్ని రద్దుచేసి చికిత్స కేంద్రాలను ప్రాంతీయ ఆరోగ్య విభాగాలకు పంచేశారు. పదేళ్లు తిరిగాక, 2023లో, అన్నిటినీ మళ్లీ ఒక సంస్థ కిందికి తెచ్చారు.

ఉన్నట్టుండి బడ్జెట్లో కోత పడింది. ముందు ఏది తగ్గించాలి?

మందులు, రాత్రి నర్సు, సూపర్‌విజన్ – ఈ మూడింటినీ ముట్టుకోకండి. అద్దె, వాహనాలు, పడకల సంఖ్య చూడండి. రోగులందరినీ ఉంచి ఒక్కో కౌన్సెలర్ కింద కేసులు రెట్టింపు చేయడం పైకి దయగా కనిపిస్తుంది, కానీ ఏడాదిలో మంచివాళ్లు వెళ్లిపోతారు. అంతకంటే కొత్త రోగులను కొన్నాళ్లు తక్కువగా చేర్చుకుని, ఆ విషయం డబ్బు ఇచ్చేవాళ్లకు ఉత్తరంలో అంకెలతో రాయండి. కోత పడినా పని అంతే జరుగుతున్నట్టు చూపిస్తే వచ్చే ఏడాది ఇంకో కోత వస్తుంది.

సెంటర్ మూసేయక తప్పడం లేదు. రోగులకు ఎప్పుడు చెప్పాలి?

నిర్ణయం ఖాయమైన వారమే. కనీసం మూడు నెలల గడువు ఉండేలా పోరాడండి. మందుల మీద ఉన్నవాళ్ల జాబితా ముందు తయారుచేయండి, వాళ్లకు ఒక్క రోజు కూడా మోతాదు తప్పకూడదు. ఒక్కొక్కర్నీ కొత్త చోటికి వాళ్ల కౌన్సెలర్ స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేయాలి. చేతిలో ఉత్తరం పెట్టి పంపితే చాలామంది దారిలోనే ఆగిపోతారు. రికార్డులు రోగి అనుమతితోనే ఇవ్వండి. చివరి రోజు తర్వాత కూడా పాత ఫోన్ నంబరును ఆరు నెలల పాటు ఉంచండి, మీ సెంటర్ గురించి తెలిసిన ఒకరిని దానికి కేటాయించండి. ఎప్పుడో ఏడాది కింద మానేసి వెళ్లినవాళ్లు మళ్లీ మొదలైనప్పుడు వెతికేది ఆ నంబరునే.